నాఫ్ప్లియో, మైసీని, ఎపిడారస్: గ్రీస్ గ్రూప్ టూర్‌కు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాఫ్ప్లియో ఎక్కడుంది? ఏథెన్స్ నుంచి ఒక్కరోజులో చూసి రాలేమా?

పెలొపొన్నీస్ ద్వీపకల్పంలో, అర్గోలిక్ సింధుశాఖ ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఇది. ఏథెన్స్ నుంచి రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల పైచిలుకు. ఏథెన్స్ కంటే ముందు స్వతంత్ర గ్రీస్‌కు రాజధాని ఇదే. 1834లో రాజధాని ఏథెన్స్‌కు మారింది.

ఒక్కరోజులో చూసి రావచ్చు, చాలా కంపెనీలు అలాగే తిప్పుతాయి. కానీ ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. పొద్దున ఎనిమిదికి ఏథెన్స్‌లో బయల్దేరి, కొరింత్ కాలువ దగ్గర ఆగి, పురాతన కోట శిథిలాలున్న మైసీని చేరేసరికి పదకొండవుతుంది. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంటుంది, మిగతా బస్సులన్నీ అదే సమయానికి దిగుతాయి. భోజనం, ఆ తర్వాత పురాతన థియేటర్ ఉన్న ఎపిడారస్. నాఫ్ప్లియోకు మిగిలేది గంట. ఐస్‌క్రీమ్ తిని బస్సెక్కడమే. కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు నాఫ్ప్లియోలోనే ఉండి, శిథిలాలకు అక్కడి నుంచి వెళ్లిరావడమే మేలు. మైసీని సుమారు 25 కిలోమీటర్లు, ఎపిడారస్ 30 లోపు, మరో పురాతన కోట టిరిన్స్ నాలుగే.

అయితే ఏ రోజు ఏది చూడాలి?

ఎండను బట్టి వరస పెట్టుకోవాలి, దూరాన్ని బట్టి కాదు.

మొదటి రోజు ఏథెన్స్ నుంచి వస్తూ కొరింత్ కాలువ దగ్గర అరగంట ఆగండి. 1893లో తెరిచిన కాలువ, పొడవు ఆరు కిలోమీటర్ల పైన. వంతెన మీద నుంచి చూస్తే నిట్టనిలువు రాతిగోడల మధ్య సన్నటి నీలిగీతలా కనిపిస్తుంది. మధ్యాహ్నం హోటల్లో సామాను పడేసి, సింటాగ్మా కూడలిలోని పురావస్తు మ్యూజియానికి వెళ్లండి. వెనిస్ వాళ్లు 1713లో కట్టిన పాత సైనిక భవనం అది. అందులో డెండ్రా కవచాన్ని తప్పక చూడాలి. క్రీ.పూ. 15వ శతాబ్దపు కంచు కవచం, భుజాలు, మెడతో సహా దాదాపు మొత్తంగా దొరికింది. సాయంత్రం పాత ఊళ్లో నడక.

రెండో రోజు ఎనిమిదికల్లా మైసీని గేటు దగ్గర ఉండాలి. తిరిగి వచ్చేదారిలో టిరిన్స్. మధ్యాహ్నం విశ్రాంతి, ఐదు తర్వాత సముద్రం.

మూడో రోజు పొద్దున్నే ఊరి పక్క కొండ మీది పలమిడి కోట. ఎపిడారస్‌కు మధ్యాహ్నం మూడున్నర తర్వాతే బయల్దేరండి. సాయంత్రానికి ఏథెన్స్ బస్సులు వెళ్లిపోతాయి, పైన్ చెట్ల నీడ పొడుగవుతుంది. ఇదంతా వేసవి వేళల లెక్క. శీతాకాలంలో చాలా స్థలాలు మధ్యాహ్నం మూడు, మూడున్నరకే మూసేస్తారు కాబట్టి ఎపిడారస్‌ను కూడా పొద్దుటికే మార్చుకోవాలి.

మైసీనిలో ఎంతసేపు పడుతుంది? ఏమేం చూడాలి?

హడావుడి లేకుండా రెండున్నర గంటలు. గుట్ట మీద కోట, కింద మ్యూజియం, కొంచెం దూరంగా గోరీ. మూడింటికీ ఒకటే టికెట్. గేటు దాటాక గుట్ట మీద మరుగుదొడ్లు, నీళ్లు, నీడ ఏవీ ఉండవు. పైకి ఎక్కకముందే పని కానిచ్చుకుని, మనిషికి లీటరున్నర నీళ్లతో కదలండి.

మొదట వచ్చేది సింహద్వారం, క్రీ.పూ. 1250 ప్రాంతానిది. గుమ్మం పైనున్న రాతి దూలం ఒక్కటే 20 టన్నుల దాకా ఉంటుంది. దాని మీద సింహాలు చెక్కిన త్రికోణపు పలక అందం కోసమే పెట్టింది కాదు. అక్కడ మామూలు గోడే లేపి ఉంటే ఆ బరువుకు దూలం మధ్యలో విరిగేది. అందుకే త్రికోణంగా ఖాళీ వదిలి, బరువును రెండు పక్కల గోడలకు మళ్లించి, ఆ ఖాళీని పలచటి పలకతో మూశారు. సింహాల తలలు విడిగా చేసి అతికించినవి, ఎప్పుడో పోయాయి. గోడల్లో ఒక్కో బండ ఎంత పెద్దదంటే, వీటిని మనుషులు కాదు, సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసులు పేర్చారని తర్వాతి కాలపు గ్రీకులు నమ్మారు.

ద్వారం దాటగానే కుడిచేతి పక్క రాళ్లు గుండ్రంగా నిలబెట్టిన శ్మశానం ఉంటుంది. జర్మన్ పురావస్తు పరిశోధకుడు హైన్రిక్ ష్లీమన్ 1876లో బంగారు ముసుగులు తవ్వి తీసింది ఇక్కడే. పైకి ఎక్కితే రాజప్రాసాదపు పునాదులు, అర్గోస్ మైదానంలోని నారింజ తోటలు, దూరంగా సముద్రం. కోట ఆ చివర భూమిలోకి మెట్లతో దిగే నీటి తొట్టి ఉంది. ముట్టడి వస్తే దాహానికి లోటు రాకుండా కట్టుకున్నది. తెరిచి ఉంటేనే దిగండి. టార్చి కావాలి, మెట్లు నున్నగా జారతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దు.

చాలా గ్రూపులు చేసే తప్పు ఒకటుంది. కోట చూసి అలసిపోయి బస్సెక్కేస్తారు, "అట్రియస్ ఖజానా" మిగిలిపోతుంది. అది కోటకు అర కిలోమీటరు ఇవతల రోడ్డు పక్కనే, వేరే గేటుతో ఉంటుంది. పేరు ఖజానా, నిజానికి గోరీ. లోపల వ్యాసం దాదాపు 14.5 మీటర్లు, ఎత్తు 13 మీటర్ల పైన. రాళ్లను వరస వెంబడి వరస కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పేర్చి తేనెపట్టులా మూసేశారు. వాకిలి మీది లోపలి దూలం బరువు సుమారు 120 టన్నులని అంచనా. అంత రాతిని అక్కడికి ఎలా ఎక్కించారని గైడ్‌ను తప్పకుండా అడగండి. టికెట్ చించి పారేయకండి, ఇక్కడ మళ్లీ చూపించాలి.

అగమెమ్నాన్ బంగారు ముసుగు అక్కడే ఉందా?

లేదు. అసలుది ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. మైసీని మ్యూజియంలో ఉన్నది నకలు. ఆ ముసుగు ట్రోయ్ యుద్ధ గాథలోని మైసీని రాజు అగమెమ్నాన్‌దీ కాదు. ఆ గోరీలు క్రీ.పూ. 16వ శతాబ్దానివి, ట్రోయ్ యుద్ధానికి చెప్పే కాలానికి మూడు వందల ఏళ్లు ముందువి. పేరు మాత్రం అలా అంటుకుపోయింది.

టిరిన్స్ అవసరమా?

ముప్పావుగంట తీరిక ఉంటే అవసరమే. మైసీనితో పాటు 1999లో యునెస్కో జాబితాలోకి చేరిన స్థలం. గోడల మందం కొన్నిచోట్ల 8 మీటర్లు దాటుతుంది. రాళ్లు వాల్చి కప్పిన వసారాల్లో గోడల అడుగు భాగం అద్దంలా మెరుస్తుంటుంది. శతాబ్దాల పాటు గొర్రెల మందలు అక్కడ తలదాచుకుని ఒళ్లు రాసుకున్న నునుపు అది. జనం పెద్దగా రారు. గైడ్ మాట వినబడేంత నిశ్శబ్దం ఈ పర్యటనలో దొరికేది ఇక్కడే.

ఎపిడారస్ థియేటర్‌లో నాణెం పడేస్తే చివరి వరసకు వినిపిస్తుందట, నిజమేనా?

సగం నిజం. క్రీ.పూ. 4వ శతాబ్దపు థియేటర్ ఇది, కింద 34 వరసలు, పైన 21. పన్నెండు వేల మంది పైనే పడతారు. 2007లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కారణం చూపారు: సున్నపురాయి మెట్ల వరసలు జనం గుసగుసలు, గాలి రొదలాంటి మంద్ర ధ్వనులను తగ్గించి, మనిషి గొంతులోని పై స్థాయులను వెనక్కి పంపుతాయి. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు మైకులు పెట్టి కొలిచి అతిశయోక్తిని కొంత దించారు. నాణెం చప్పుడు చివరిదాకా అందుతుంది గానీ, అది నాణెమని గుర్తుపట్టగలిగేది సగం దూరం వరకే. గుసగుస ముందు వరసలవాళ్లకే. గొంతెత్తి స్పష్టంగా పలికిన మాట మాత్రం పైదాకా చేరుతుంది.

మీరే పరీక్షించాలంటే గ్రూపంతా ఒకేసారి చప్పట్లు కొట్టకండి, ఏమీ తెలియదు. సగం మంది పైవరసకు ఎక్కాలి, ఒక్కరు మధ్యలోని గుండ్రటి రాయి దగ్గర నిలబడి మామూలు గొంతుతో నాలుగు మాటలు చెప్పాలి. మిగతావాళ్లు నోరు కట్టుకోవాలి. కష్టమైన భాగం చివరిదే.

థియేటర్ చూసి వెనుదిరగకండి. అసలు ఇది ఆరోగ్యదేవుడు అస్క్లీపియస్ క్షేత్రం. రోగులు స్నానం చేసి, బలులు ఇచ్చి, అబటోన్ అనే పొడవాటి వసారాలో రాత్రి నిద్ర చేసేవారు. మన గుళ్లలో నిద్ర చేయడం తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. కలలో దేవుడు కనిపించి మందు చెబుతాడని నమ్మకం. నయమైనవాళ్ల కథలు చెక్కిన రాళ్లు పక్కనే మ్యూజియంలో ఉన్నాయి. మొత్తానికి రెండు గంటలు కేటాయించండి.

సొంతంగా వెళ్లినవాళ్లు ఎపిడారస్‌లో దారి తప్పుతారెందుకు?

ఆ పేరుతో చుట్టుపక్కల ఒకటికి మించి ఊళ్లున్నాయి. సముద్రం ఒడ్డున పాలియా ఎపిడవ్రోస్, మరోవైపు నెయా ఎపిడవ్రోస్. పెద్ద థియేటర్ ఈ రెంటిలోనూ లేదు, లిగూరియో అనే ఊరి దగ్గరుంది. పాలియా ఎపిడవ్రోస్‌లో కూడా ఒక చిన్న పురాతన థియేటర్ ఉండటంతో గందరగోళం రెట్టింపవుతుంది. మ్యాప్‌లో "అస్క్లీపియస్ క్షేత్రం" అని వెతకండి.

మైసీనికీ ఇలాంటి చిక్కే. బోర్డుల మీద "మికీనెస్" అని ఉంటుంది. ఏథెన్స్ నుంచి నాఫ్ప్లియో వచ్చే కె.టి.ఇ.ఎల్ (ఊళ్ల మధ్య తిరిగే సర్వీసు) బస్సు మిమ్మల్ని ఫిఖ్తి అనే ఊళ్లో దింపుతుంది. అక్కడి నుంచి శిథిలాలకు ఇంకా సుమారు నాలుగు కిలోమీటర్లు, నీడలేని రోడ్డు. నాఫ్ప్లియోకు రైలు లేదు.

పలమిడి కోటకు 999 మెట్లట. పెద్దవాళ్లు ఎక్కగలరా?

999 ఊరివాళ్ల లెక్క. వెయ్యో మెట్టును స్వాతంత్ర్య వీరుడు కొలొకొట్రోనిస్ గుర్రం విరగ్గొట్టిందని సరదాగా చెబుతారు. ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్లకు తేలేది 850 పైచిలుకు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదనిపిస్తుంది, కానీ ఇక్కడ పైకప్పు లేదు, దారిలో మజ్జిగ లేదు. మెట్ల ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, రాయి అరిగి జారుతుంది.

పెద్దవాళ్లు ఎక్కనక్కర్లేదు. వెనకవైపు నుంచి కోట గేటు దాకా తారురోడ్డు ఉంది, బస్సు పోతుంది. ఓపిక ఉన్నవాళ్లు మెట్ల మీదుగా దిగవచ్చు. ఎక్కాలనే పట్టుదల ఉంటే పొద్దున్నే, కొండ నీడ మెట్ల మీద ఉండగానే మొదలుపెట్టండి. లోపల కూడా ఎగుడుదిగుడే: 1711–1714 మధ్య వెనిస్ వాళ్లు కట్టిన ఎనిమిది బురుజులు, వాటి మధ్య రాతిదారులు. ఇంత కష్టపడి కట్టిన కోట 1715లోనే ఒట్టోమన్ల చేతికి పోయింది.

ఊళ్లో ఇంకేం చూడాలి?

సెయింట్ స్పిరిడాన్ చర్చి. గ్రీస్ తొలి గవర్నర్ ఇయోన్నిస్ కపోడిస్ట్రియాస్‌ను 1831లో ఈ గుమ్మం ముందే కాల్చిచంపారు. గోడలో తూటా గుర్తును గాజు కింద భద్రపరిచారు. రేవు ఎదురుగా నీళ్లలో కనిపించే చిన్న కోట బూర్ట్‌జి, 1473 నాటిది. ఒకప్పుడు పలమిడి జైలు తలారులు అక్కడ కాపురం ఉండేవారు. రేవు నుంచి చిన్న పడవలు వెళ్తాయి, గాలి ఎక్కువైతే ఆగిపోతాయి. మిగతా పాత ఊరంతా సందులు, మెట్లు, కాగితపు పూల తీగలు. ప్లాన్ లేకుండా తిరగండి.

మన టూర్ మేనేజరే అన్నీ వివరిస్తే సరిపోదా? స్థానిక గైడ్ ఎందుకు?

చట్టం. గ్రీస్‌లో పురావస్తు స్థలాల లోపల వివరించే పని లైసెన్సున్న గైడ్లదే. గ్రూపుతో వచ్చిన మేనేజర్ గేటు లోపల నిలబడి ఉపన్యాసం మొదలుపెడితే కాపలావాళ్లు ఆపేస్తారు, జరిమానా దాకా పోవచ్చు. ఇంగ్లీషు గైడ్ దొరకడం కష్టం కాదు, తెలుగు గైడ్‌ను మాత్రం ఆశించకండి. మేనేజర్ బస్సులోనే ముందుగా తెలుగులో కథంతా చెప్పేస్తే లోపల గైడ్ మాట పెద్దవాళ్లకూ అర్థమవుతుంది. ఇరవై మంది దాటితే చెవిలో పెట్టుకునే ఆడియో సెట్లు అద్దెకు తీసుకోండి. లేకపోతే వెనకవరస సగం మందికి ఏమీ వినబడదు.

టికెట్లు, సెలవులు?

ధరలు 2025లో మారాయి, అంతకుముందు రాసిన వివరాలను నమ్మకండి. ప్రభుత్వ ఆన్‌లైన్ టికెట్ వ్యవస్థలో ముందే కొనడం మంచిది. 65 ఏళ్లు దాటినవాళ్ల రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకే, మన సీనియర్ సిటిజన్ కార్డు పనిచేయదు. నవంబర్ నుంచి మార్చి దాకా ప్రతి నెలా మొదటి, మూడో ఆదివారాలు, అక్టోబర్ 28 ప్రవేశం ఉచితం. జనం కూడా ఆ స్థాయిలోనే ఉంటారు.

జనవరి 1, మార్చి 25, మే 1, డిసెంబర్ 25, 26, ఈస్టర్ ఆదివారం మూత. ఇక్కడి ఈస్టర్ ఆర్థడాక్స్ లెక్క ప్రకారం వస్తుంది, మన క్యాలెండర్లలోని ఈస్టర్‌తో కలవకపోవచ్చు. 2027లో మే 2న. వేసవిలో వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా మూసేయమని అప్పటికప్పుడు ఆదేశాలు వస్తుంటాయి. పొద్దున ఎనిమిదికే వెళ్లమనడానికి ఇది ఇంకో కారణం.

ఏ నెల మంచిది?

ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం వరకు, మళ్లీ సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ దాకా. ఏప్రిల్‌లో మైదానమంతా నారింజ పూల వాసన, సముద్రం మాత్రం చల్లగా ఉంటుంది. ఈత ముఖ్యమైతే సెప్టెంబర్. జులై, ఆగస్టుల్లో వెళ్లాల్సి వస్తే ఒకటే లాభం: ఎపిడారస్ ఉత్సవంలో పురాతన గ్రీకు నాటకాలు. సాధారణంగా శుక్ర, శనివారాల రాత్రులు. ఎత్తు మడమల చెప్పులకు అనుమతి లేదు, రాతి బెంచీ మీద రెండు గంటలు కూర్చోవాలి, ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు.

బస్సు డ్రైవర్ "ఇక కుదరదు" అంటాడెందుకు?

మొండితనం కాదు, యూరోపియన్ యూనియన్ నిబంధన. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం, రోజుకు మామూలుగా 9 గంటలే డ్రైవింగ్. రెండు రోజుల మధ్య 11 గంటల విశ్రాంతి, తగ్గించినా 9 గంటలు. అంతా పరికరంలో నమోదవుతుంది, తనిఖీలో దొరికితే భారీ జరిమానా. నాటకం చూసి అర్ధరాత్రి హోటల్ చేరితే, అదే డ్రైవర్ పొద్దున తొమ్మిదికి ముందు స్టీరింగ్ ముట్టుకోలేడు. ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇంకొకటి: పెద్ద బస్సు పాత ఊళ్లోకి రాదు, రేవు దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి రాతిసందుల్లో, మెట్ల మీద సామాను మీరే మోయాలి. 28 అంగుళాల పెట్టె ఏథెన్స్ హోటల్లో వదిలి, మూడు రోజుల బట్టలతో చిన్న సంచి తెచ్చుకోండి. లేదంటే హోటల్ రేవు పక్కన చూసుకోండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

బాగానే దొరుకుతుంది. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాస దినాలు ఎక్కువ, ఆ రోజుల వంటను "నిస్తీసిమో" అంటారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ జాగ్రత్త, రొయ్యలు, ఆక్టోపస్‌లకు ఆ ఉపవాసంలో అడ్డులేదు. అందుకే ఆ మాటతో సరిపెట్టకుండా "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలసినా" అనండి: మాంసం వద్దు, చేప వద్దు, రొయ్యల్లాంటివీ వద్దు.

అడగాల్సినవి: టమాటాలో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు "యీగాంతెస్", పప్పు ముద్దలా ఉండే "ఫావా", కూరగాయల "బ్రియామ్", ఉడికించిన ఆకుకూర "హోర్తా", పాలకూర పొరల "స్పానకోపిటా". బియ్యం కూరిన టమాటా, క్యాప్సికం "గెమిస్తా"లో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడిగి తినండి. కారం ఉండదు. ఆవకాయ సీసా తెచ్చుకుంటే మూత మీద టేపు చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. క్యాబిన్ సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. బల్ల మీదకు అడక్కుండా వచ్చే బ్రెడ్‌కు బిల్లు ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిది తర్వాతే ఊపందుకుంటుంది. పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు ఆరింటికే ఏదైనా తినేయాలి.

మరుగుదొడ్ల సంగతి?

కాగితం కమోడ్‌లో వేయకూడదు. పాత పైపులు సన్నవి, పూడుకుపోతాయి. పక్కనున్న మూత బుట్టలోనే వేయాలి. నీళ్ల పైపు, మగ్గు చాలాచోట్ల ఉండవు, చిన్న ఖాళీ సీసా దగ్గరుంచుకోండి.

సముద్రంలో ఈత రానివాళ్లు ఎక్కడ దిగాలి?

ఊరిని ఆనుకున్న అర్వానిటియా గులకరాళ్ల తీరం, లోతు త్వరగా వస్తుంది, రాళ్ల మీద ముళ్ల సముద్రపు జీవులు ఉంటాయి. రబ్బరు చెప్పులు తప్పనిసరి. ఈత రానివాళ్లకు, పిల్లలకు కరథోనా మేలు: ఇసుక, చాలా దూరం దాకా నడుముల్లోతే. బస్సులో పది నిమిషాలు.

వీసా, ఖర్చులు?

గ్రీస్ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) దేశం. పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు, 6–12 ఏళ్ల పిల్లలకు 45, సేవాకేంద్రం రుసుము అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు, రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్యబీమా ఉండాలి. గ్రూపుగా వెళ్తున్నా వేలిముద్రలు ఎవరివి వాళ్లే ఇవ్వాలి. షెంగెన్ కోసం గత 59 నెలల్లో ఇచ్చినవాళ్లకు సాధారణంగా మినహాయింపు. టూర్‌లో ఇటలీ లాంటి ఇంకో దేశం కూడా ఉంటే, ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి.

హోటల్ గదికి రాత్రిచొప్పున ప్రభుత్వ పన్ను వేరే ఉంటుంది. నాలుగు నక్షత్రాల హోటల్లో 2025 నుంచి ఏప్రిల్–అక్టోబర్ మధ్య 10 యూరోలు. ప్యాకేజీలో కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి, చెక్-అవుట్ దగ్గర గొడవలు ఎక్కువగా దీని మీదే.

మాట, మర్యాద విషయంలో పొరబడేవి ఏవి?

"నే" అంటే అవును. వినడానికి వద్దన్నట్టుంటుంది. కాదనడానికి "ఓహీ" అంటారు, లేదా తల పైకెత్తి నాలుకతో టక్ అంటారు. మనం తల అడ్డంగా ఊపుతూ సరే అనే తీరు వాళ్లకు అర్థం కాదు. ఐదుగురం అని చెప్పడానికి ఐదు వేళ్లూ విప్పి అరచేతిని ఎదుటివాళ్ల మొహం వైపు చూపకండి, గ్రీకులకు అది పచ్చి తిట్టు. అరచేయి మీవైపు తిప్పి చూపండి.

ఫోటోలు, మందులు, అత్యవసరాలు?

ఫోన్‌తో ఫోటోలు సరే. ట్రైపాడ్‌కూ డ్రోన్‌కూ అనుమతి పత్రం కావాలి. నేలమీద దొరికిన కుండపెంకు జ్ఞాపకంగా జేబులో వేసుకోవడం నేరం. పిల్లలకు ముందే చెప్పండి.

మందులు అసలు అట్టలతో, డాక్టర్ చీటీతో తేవాలి. కోడీన్ ఉన్న దగ్గుమందు, నొప్పి మాత్రలకు చీటీ మరీ ముఖ్యం. మందుల షాపుకు గుర్తు ఆకుపచ్చ శిలువ. నాఫ్ప్లియోలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అత్యవసర నంబర్ 112, అంబులెన్సు 166. ఎక్కడున్నారో చెప్పాల్సివస్తే "మికీనెస్", "అస్క్లీపియో" అని గ్రీకు పేర్లే చెప్పండి, సాయం త్వరగా వస్తుంది.